కబురు లేని పరుగు

జ్ఞానానందం ఎడమ బూటు తాడు ముడివేసి కుడి బూటు తాడు అందుకోబోతుంటే వంటింట్లోంచి పాలపాకెట్టు మాట వచ్చింది. వస్తుందని అతనికి తెలుసు. రెండో శనివారం పొద్దున్నే అతను బూట్లు వేసుకుంటే చాలు, ఆ ఇంట్లో పాలో పెరుగో కరివేపాకో ఏదో ఒకటి నిండుకుంటుంది.

"ఎట్లాగూ బయటికే కదండీ. సెంటర్లో పాకెట్టు తెచ్చి ఇచ్చి, అప్పుడు మీ పరుగేదో మీరు పరిగెత్తండి," అంది సామ్రాజ్యం.

"తెచ్చిచ్చి మళ్ళీ బయల్దేరితే అది పరుగెట్లా అవుద్ది? తిరుగుడవుద్ది."

"ఏదైతే ఏంటి. చెమటే కదా పట్టాల్సింది."

పెళ్ళయిన నాటి నుంచీ ఆమెతో వాదించి గెలిచింది లేదు. పాకెట్టు తెచ్చాడు. లోపలికి వెళితే ఇంకో పని తగులుకుంటుందని గుమ్మంలోనే నిలబడి చెయ్యి మాత్రం లోపలికి చాపాడు. సామ్రాజ్యం పాకెట్టు అందుకుని అతని కాళ్ళకేసి చూసింది.

"ఇవాళ గనక మళ్ళీ సగం దారిలోంచి వచ్చి, వాడు ఆపాడు వీడు ఆపాడు అని నా దగ్గర గొణిగారంటే ఆ బూట్లు దీవెనకి తిరిగి పంపించేస్తా. చెప్తున్నా."

దీవెన వాళ్ళమ్మాయి. బాపట్లలో నర్సు. తండ్రికి షుగరు బయటపడ్డ ఏడాది ఆ బూట్లు కొని తెచ్చింది.

"ఆగను. సంగం జాగర్లమూడి దాకా ఆగనంటే ఆగను. అక్కడ రైలెక్కి వచ్చేస్తా," అన్నాడు జ్ఞానానందం.

"చూద్దాం," అందామె. ఆ చూద్దాంలో నమ్మకం ఏ కోశానా లేదు.

యాభై దాటి చాలాకాలమైన మనిషి. నెత్తిన జుట్టు పలచబడింది, మీసం మాత్రం ఇంకా ఒత్తుగా ఉంది. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి, ఎవరో పిలిస్తే వినడానికి వంగినట్టు. నిజంగా అట్లా వంగినవే. తెనాలిలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో అటెండరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అతన్ని ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి రమ్మంటూనే ఉన్నారు. పరిగెత్తుకెళ్ళి సుద్దముక్కలు పట్రా. పరిగెత్తుకెళ్ళి జిరాక్సు తీయించుకురా. పరిగెత్తుకెళ్ళి ఇన్‌స్పెక్షనుకొచ్చిన సారుకి ఇడ్లీ పట్రా, చట్నీ వేరేగా కట్టించు. హెడ్‌మాస్టర్లు మారారు గానీ ఆ మాట మారలేదు. ఇన్నేళ్ళలో అతను పరిగెత్తిన ప్రతి పరుగుకీ అవతలి కొసన ఎవరిదో ఒక పని ఉంది.

డాక్టరు నడవమన్నాడు. నడుస్తూ నడుస్తూ ఒకరోజు ఎందుకో కాస్త పరిగెత్తి చూశాడు. నడక్కి కొంచెం ఎక్కువ, పరుగుకి బాగా తక్కువ. సైకిలు మీద పోయే ముసలాయన కూడా దాటి వెళ్ళిపోయేంత నిదానం. కొంతదూరం పోయాక ఊపిరీ అడుగులూ వాటంతటవే ఒక లెక్కకి వచ్చాయి. బుర్రలో ఉన్న స్కూలు, ఇల్లు, షుగరు అన్నీ ఎటో పోయాయి. ఎంత హాయిగా ఉందంటే, తనకి ఇంత హాయి ఎవరూ ఇవ్వకుండా దొరికిందేమిటని అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీరేలోపే స్కూలు క్లర్కు స్కూటరు ఆపి, ఏంటి జ్ఞానం, బస్సు తప్పిపోయిందా అని అడిగాడు. అంతే. ఆ రోజుకి అయిపోయింది.

అప్పట్నుంచీ ఇదే వరస. ఆ హాయి అందే వేళకి సరిగ్గా ఎవడో ఒకడు ఆపుతాడు. వేగంగా పోయేవాణ్ణి ఎవరూ ఆపరు, దొంగో పోలీసో అనుకుని ఊరుకుంటారు. ఇంత నిదానంగా పరిగెత్తేవాడు మాట్లాడించడానికి వీలుగా ఉంటాడు మరి. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, ఆగకుండా పోతే ఆ హాయి అవతల ఏముందో చూడాలని అతని కోరిక. అది కోరిక అని పైకి చెప్పుకోవడానికి కూడా సిగ్గే.

సముద్రంలో అల్పపీడనం పట్టిందన్నారు. గాలి స్తంభించి ఉంది. మబ్బు కిందకి దిగి, మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్టు ఉక్క. ఊరు దాటకముందే బనీను వీపుకి అతుక్కుపోయింది. అడుగులు ఇంకా లెక్కకి రాలేదు. అప్పుడే పక్కన ఆటో వచ్చింది.

"బాబాయ్, ఎక్కు," అన్నాడు అబూబకర్. స్కూలు వీధిలోనే ఉంటాడు.

"వద్దు నాయనా. నువ్వు పో."

"బస్టాండుకేగా? నేనూ అటే."

"బస్టాండుకి కాదు."

"మరెక్కడికి?"

"ఎక్కడికీ కాదు."

అబూబకర్‌కి ఆ జవాబు మింగుడు పడలేదు. ఆటో వదలకుండా పక్కనే నడిపిస్తున్నాడు, పొగంతా జ్ఞానానందం ముక్కులోకే. "ఇంట్లో ఏమన్నా గొడవా బాబాయ్? పిన్నితో నేను మాట్లాడతా, ఎక్కు."

"గొడవేం లేదు. వ్యాయామం."

"వ్యాయామమైతే ఆగి చేసుకోవచ్చుగా," అన్నాడు అబూబకర్, నిజంగా జాలిపడి. వెనక లారీ హారను కొట్టబట్టి ఆటో ముందుకు పోయింది గానీ, లేకపోతే నందివెలుగు దాకా వచ్చేవాడే.

జ్ఞానానందం ఆగలేదు. అది చాలనుకున్నాడు. అంతలో మోటారు సైకిలు. ఈసారి హెడ్‌మాస్టరు వినయ్ కుమార్. జ్ఞానానందం కంటే వయసులో బాగా చిన్న. వెనక సీటు మీద కూతురు, ఆ అమ్మాయి చేతిలో స్టీలు టిఫిను కారియరు.

"జ్ఞానం, దేవుడిలా కనబడ్డావ్. నేను అమ్మాయిని వడ్లమూడిలో దించాలి, టైమైపోతోంది, నందివెలుగులో ఆగితే మామగారు ఓ పట్టాన వదలడు. నువ్వెట్లాగూ నందివెలుగు మీదుగానే పరిగెడుతున్నావుగా. ఈ కారియరు మా మామగారికి ఇచ్చేసెయ్. టీకొట్టు బల్ల మీదే కూర్చుని ఉంటాడు."

ఎట్లాగూ. ఆ మాటంటే జ్ఞానానందానికి ఒళ్ళు మండుతుంది. ఎట్లాగూ బయటికే కదా, ఎట్లాగూ ఖాళీయే కదా, ఎట్లాగూ పరిగెడుతున్నావు కదా. కాదంటే సోమవారం మొహం చూడాలి. ఆగితే సామ్రాజ్యం మొహం చూడాలి. చెయ్యి చాచి, పరిగెత్తుతూనే కారియరు అందుకున్నాడు.

అట్లా రోడ్డు వెంబడి, గిన్నెలు గలగలలాడే ఖాళీ కారియరు పట్టుకుని ఒక పెద్దమనిషి పరిగెత్తాడు. కుక్కలు వెంటపడ్డాయి. గడ్డిమోపులు తెస్తున్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కారియరుని గుండెకి అదిమిపెట్టుకుంటే చప్పుడు తగ్గింది గానీ చెయ్యి లాగింది. ఛీ, ఇదేం బతుకురా అనుకున్నాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి, సన్నగా, ముఖం మీద పడుతున్నాయో లేదో తెలియకుండా.

హెడ్‌మాస్టరు మామగారు సుబ్బారావుగారు నందివెలుగు టీకొట్టు బల్ల మీదే ఉన్నారు. ఎనభై దాటినా నిటారుగా కూర్చునే రైతు. జ్ఞానానందం నిలవకుండా కారియరు ఆయన ఒళ్ళో పెట్టి సాగిపోబోయాడు. పెద్దాయన కారియరు పక్కన పెట్టి, లేచి, అతని జబ్బ పట్టుకున్నాడు. ముసలి చెయ్యే, పట్టు మాత్రం ముసలిది కాదు. జ్ఞానానందం ఉన్నచోటే అడుగులు వేస్తున్నాడు.

"నువ్వు ఆశీర్వాదం కొడుకువి కదరా? ఆ పరుగు చూస్తేనే తెలిసింది. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండి."

"ఊరికే ఎందుకు పరిగెడతావు? చెప్పు. మా వాళ్ళెవరన్నానా?"

టీకొట్టులో గ్లాసులు ఆగాయి. నలుగురు లేచి రోడ్డు మీదికి వచ్చారు.

ఆశీర్వాదం జ్ఞానానందం తండ్రి. ఫోన్లు లేని రోజుల్లో, చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు చనిపోయినా బంధువుల ఊళ్ళకి చావు కబురు మోసేవాడు. కబురు మోసేవాడికి కొన్ని పద్ధతులుండేవి. అసలువాళ్ళకి చెప్పేదాకా దారిలో ఎవరికీ చెప్పకూడదు. కూర్చోకూడదు. దారిలో ఉన్నవాళ్ళు అతన్ని ఆపకూడదు, పోయినవాళ్ళ పేరు అడగకూడదు. ఏ ఇంటికి వెళ్ళినా అరుగు కింద నిలబడే చెప్పేవాడు. ఆ ఇళ్ళవాళ్ళు అతన్ని ఏనాడూ అరుగెక్కమనలేదు. అదొక పద్ధతి అని ఎవరూ పెట్టలేదు, ఉండేదంతే.

ఇదంతా జ్ఞానానందం ఆలోచించుకోలేదు. జబ్బ నొప్పి పుడుతోంది, ఊపిరి లెక్క తప్పుతోంది, ఎదురుగా నలుగురు నిలబడి ఉన్నారు. విసుగు తలకెక్కింది.

"కబురండి," అన్నాడు.

సుబ్బారావుగారి చెయ్యి అతని జబ్బ మీంచి తనంతట తనే జారిపోయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. రోడ్డు మీది నలుగురూ పక్కకి తప్పుకున్నారు.

"ఎవరికంట తాతా?" అన్నాడు టీకొట్టు కుర్రాడు.

"అడక్కూడదురా. అవతల వాళ్ళకి చెప్పకుండా మనకెట్లా చెప్తాడు," అని కసిరి, పెద్దాయన ఒక్కటే అడిగాడు. "ఏ ఊరు?"

"సంగం జాగర్లమూడండి."

"పో అయితే. ఆగమాక."

ఆగమాక. తన జన్మలో జ్ఞానానందానికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఊరు దాటాక మొదట కోపం వచ్చింది, తన మీద తనకే. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఇంత తేలికా ఇది, ఒక్క మాటతో పోయేదానికా ఇన్ని శనివారాలు ఏడ్చింది. ఎవరో ఫోను చేసి ఉంటారు, దారంతా మాట అతనికంటే ముందే పరిగెడుతోంది. ఎదురొచ్చిన ట్రాక్టరు మార్జిన్లోకి దిగి దారిచ్చింది. బండి మీద పోయేవాడు వేగం తగ్గించి, పలకరించకుండా తలవంచి వెళ్ళాడు. గట్ల మీద గడ్డి కోస్తున్న ఆడవాళ్ళు నడుము ఎత్తి నిలబడ్డారు. ఒక్కరూ నవ్వలేదు.

చినుకులు చిక్కబడి వానైంది. చల్లటి వాన. ఒంటి మీది ఉక్క అంతా ఒక్కసారి కడిగేసింది. బూట్లలో నీళ్ళు చేరి ప్రతి అడుగుకీ చప్పుడు. ఉన్నట్టుండి తూర్పున మబ్బు చిరిగి, వాన పడుతుండగానే ఎండ కాసింది. పాలు పోసుకుంటున్న వరి కంకులు రోడ్డుకి రెండువైపులా తళతళమన్నాయి. ఎండ పోయింది. గాలి లేచింది, పక్కనుంచి, చేలని ఇటు దువ్వి అటు దువ్వి. అతను వేగం పెంచలేదు, తగ్గించలేదు. రెండడుగులకి ఒక ఊపిరి లోపలికి, రెండడుగులకి బయటికి. మోకాళ్ళు ఉన్నాయన్న సంగతి మర్చిపోయాడు. తను ఎవరి అటెండరో మర్చిపోయాడు. నాన్న ఈ దారినే పరిగెత్తాడు గానీ ఇట్లా పరిగెత్తలేదు, ఏనాడూ, అనుకున్నాడు. నాన్న బుర్రలో ఎప్పుడూ ఒక శవం ఉండేది. నా బుర్రలో ఏమీ లేదు. సంతోషంగా ఉంది. వాన మొహం మీద పడుతుంటే నోరు తెరిచి తాగాడు.

హాయి అవతల ఏముందో చూడాలనుకున్నాడు కదా, ఏమీ లేదు. ఇంకా హాయే ఉంది.

సంగం జాగర్లమూడి కాలవ వంతెన దాటి చర్చి ఉన్న పేటలోకి తిరిగేదాకా ఆ సంతోషం ఉంది. వీధిలోకి తిరగ్గానే పోయింది. వానలో కూడా ప్రతి ఇంటి ముందూ మనుషులు నిలబడి ఉన్నారు. అతను ఒక్కొక్క ఇల్లు దాటుతుంటే ఆ ఇంటివాళ్ళ మొహాలు వదులవుతున్నాయి, తర్వాతి ఇంటివాళ్ళవి బిగుసుకుంటున్నాయి. గుంటూరు ఆస్పత్రిలో తండ్రి ఉన్నవాడు ఒకడు స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కబురు ఎవరికో చెప్పకపోతే అది అందరికీ అవుతుందని జ్ఞానానందానికి అప్పుడు తెలిసింది.

ఆగాడు. వీధి మధ్యలో నిలబడి, "ఎవరూ పోలేదండీ. మీ ఎవరికీ కాదు," అన్నాడు.

"చచ్చి బతికాం గదయ్యా," అన్నాడు స్తంభం దగ్గరవాడు. తిట్టబోయి, జేబులోంచి ఫోను తీసి ఆస్పత్రికి కలిపాడు.

చివరి ఇంటి గేటు దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉంది. చర్చికి కట్టే తెల్లచీర, నూనె రాసి దువ్విన తల, కాళ్ళ దగ్గర సర్దిన సంచి. పక్కన గొడుగు పట్టుకుని పాతికేళ్ళ అమ్మాయి.

"రేపల్లె నుంచే కదా నాయనా," అంది ముసలావిడ. "మాకే కదా."

అమ్మాయి గబగబా అతని దగ్గరికి వచ్చింది. పేరు బ్లెస్సీ, పక్కిల్లు. "అంకుల్, పున్నమ్మ మామ్మ చెల్లెలు రేపల్లెలో మంచాన పడింది. వాళ్ళబ్బాయి రోజూ ఫోన్ చేస్తన్నాడు, ఈవిడ కదల్దు. అతని పెళ్ళికి మనిషొచ్చి పిలవలేదంట, కార్డు పోస్టులో పంపారంట. ఆ పెళ్ళికొడుకు పిల్లలే ఇప్పుడు హైస్కూలు. మీరొస్తన్నారని తెలిసిన దగ్గర్నుంచి తయారై నిలబడింది. ఆవిడ పోయిందా?"

"రాత్రి ఫోన్ చేశాడా?"

"పొద్దున కూడా చేశాడు. ఉందన్నాడు, కష్టమన్నాడు."

"ఏంటే నీ గుసగుస," అంది పున్నమ్మ. "ఫోన్ చేస్తే వచ్చేది గ్యాసుబండ. మనిషి కాదు. మనిషిని పిలవాలంటే మనిషి రావాలి. అంతే నేనన్నది." ఆమె గేటు గడియ తీసింది. "ఉందా, పోయిందా. అదొక్కటి చెప్పు."

ఓరి దేవుడా అనుకున్నాడు జ్ఞానానందం. ఊరికే పరిగెత్తుదామని వచ్చినవాడికి ఇదేం తద్దినం. నిజం చెప్తే ఆవిడ సంచి లోపల పెట్టి గేటు వేసుకుంటుంది, ఇక ఆ చెల్లెల్ని చూడదు. రైలుకి టైమవుతోంది. అతను తండ్రిలాగే గేటు ఇవతల నిలబడి, చేతులు కట్టుకున్నాడు.

"ఉందమ్మా. మిమ్మల్ని రమ్మంది. మనిషిని పంపి మరీ రమ్మంది."

"నిన్నా?"

"నన్నే."

"ఎంత దూరం నించి పరిగెత్తుకొచ్చావు?"

"తెనాలి నించమ్మా."

"ఈ వానలో," అంది పున్నమ్మ. వీధివైపు తిరిగి గొంతు పెంచింది. "విన్నారా? తెనాలి నించి పరిగెత్తుకుంటా వచ్చాడంట. మనిషిని పంపింది నా చెల్లెలు." అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే లోపలికి వెళ్ళి ఒక కొత్త తుండుగుడ్డ తెచ్చింది, మడతలు విప్పనిది. కబురు తెచ్చినవాడికి తుండు ఇచ్చి పంపడం ఆ పేటలో ఆనవాయితీ.

జ్ఞానానందం నెత్తి మీంచి నీళ్ళు కారుతున్నాయి. అయినా చెయ్యి చాచలేదు. "చావు కబురుకి కదమ్మా తుండు. ఇది పిలుపే."

"అదీ నిజమే," అని ఆమె దాన్ని గేటు మీద వేసింది. "వచ్చాక ఇస్తాలే."

స్టేషను దాకా సంచి అతనే మోశాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన పాసింజరులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా ఆ పెళ్ళిలో ఏం వండారో, ఎవరు ఏం కట్టుకున్నారో అన్నీ చెప్పింది, చూడని పెళ్ళే అయినా. తెనాలిలో రేపల్లె బండి ఎక్కించాడు. బండి కదలకముందే ఆమె చెల్లెలి కొడుకు అజయ్ బాబు నంబరు అడిగి తీసుకున్నాడు, కదిలాక ఫోన్ చేశాడు.

"మీ పెద్దమ్మ వస్తోంది, స్టేషనుకి వెళ్ళండి. మనిషిని పంపానని చెప్పండి."

"మేమెవర్నీ పంపలేదండి," అన్నాడు అజయ్ బాబు, అయోమయంగా.

"పంపాననే చెప్పవయ్యా. నీ సొమ్మేం పోయింది," అని విసుక్కుని పెట్టేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి సామ్రాజ్యం గుమ్మంలో నిలబడి, తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "ఆగారా?"

"ఆగలేదు," అన్నాడు. మిగతాదేదీ చెప్పబుద్ధి కాలేదు. ఆమె నమ్మిందో లేదో గానీ బేసిన్లో వేణ్ణీళ్ళు పోసి కాళ్ళు పెట్టుకోమంది.

సాయంత్రం వాన మళ్ళీ అందుకుంది. అన్నం తినబోతుండగా ఫోన్ మోగింది. అజయ్ బాబు.

"అమ్మ పోయిందండి. ఇప్పుడే."

జ్ఞానానందం కంచం పక్కకి జరిపాడు. "మీ పెద్దమ్మ?"

"పక్కనే ఉందండి. మధ్యాహ్నం నుంచీ చెయ్యి వదల్లేదు. అమ్మ కళ్ళు తెరిచి చూసి, అక్కకి మనిషిని పంపావా అని అడిగింది. పంపానన్నాను, మీరు చెప్పమన్నట్టే. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా నీకు అంది. నవ్వింది కూడా. పెద్దమ్మేమో మిమ్మల్ని మేం పంపామనే అనుకుంటోంది. అసలు మిమ్మల్ని ఎవరు పంపారండి?"

ఈ ప్రశ్నకి జ్ఞానానందం దగ్గర ఎప్పుడూ ఒక పేరు ఉండేది. హెడ్‌మాస్టరుగారు పంపారండి. క్లర్కుగారు పంపారండి. మా ఆవిడ పంపిందండి.

"ఎవరూ పంపలేదు బాబూ," అన్నాడు. "ఊరికే పరిగెత్తాను."

ఫోన్ పెట్టాక, పక్కకి జరిపిన కంచం చూసి సామ్రాజ్యం అడిగింది, ఎవరు పోయారని. చెప్పాలంటే పాలపాకెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. చెప్పాడు. అంతా అయ్యాక ఆమె చల్లారిన అన్నం తీసేసి వేడన్నం వడ్డించింది.

సంగం జాగర్లమూడిలో బ్లెస్సీ పున్నమ్మ ఇంటికి తాళం వేసింది గానీ గేటు సంగతి మర్చిపోయింది. గేటు మీద, మడతలు విప్పని తుండుగుడ్డ, వానకి తడిసి బరువెక్కి, ఒక కొసనుంచి నీళ్ళు కారుస్తూ ఉంది.